అడిగేదేదో నన్నడుగు

మొన్న లాప్‌టాప్ కొందామని కరీంనగర్‌ల ఒక షాపుకు పోయిన. కొనేది నేను, వాడేది నేను. మా ఆయన ఊకె తోడొచ్చిండు. కౌంటరు కాడున్న సేల్స్‌మన్ నన్నొకసారి చూసి, మా ఆయన దిక్కు తిరిగి, "మేడంకు ఏం పనికి సార్? మంచి కలర్‌ల ఏదన్న చూపియ్యాల్నా?" అన్నడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "మేడంకు నోరున్నది. అడిగేదేదో నన్నడుగు" అన్న. షాపంత తిరిగి చూసింది. మా ఆయన ఫోన్ వచ్చినట్టు జేసి బయటికి పోయిండు.

రోడ్డు మీదికి వచ్చినంక సమజయింది, గా మాట నాది కాదు. మా సోషల్ సారుది. సారు పోయి ఇంక ఏడాది నిండలే. గిసొంటి షాపులల్లనే, గిసొంటోళ్ల ముందటనే ఆయన గా మాట అంటుంటె పక్కన నిలబడి ఇన్న. గిప్పుడు నా నోట్లెకెల్లి అదే వచ్చింది. ఆయన మీద రాయాలె అని గప్పుడే అనుకున్న. ఏడుసుకుంట రాద్దామనుకుంటె ఏడుపు రాదు, కోపమే వస్తది.

కరీంనగర్ పక్కన ఒక సర్కారు బడిల మేమిద్దరం పనిజేసినం. నేను లెక్కల టీచర్ను. ఆయనకు పుట్టుకతోనే కండ్లు కనవడవు. నేను గా బడికి కొత్తగ వచ్చిన నాడు, సారు మెట్లు దిగుతుంటె ఉరికి పోయి చెయ్యి వట్టిన. ఒక్క ఇదిలింపు ఇదిలిచ్చిండు. "ఏంది మేడం, దొంగను వట్టినట్టు వడుతరు? మీ భుజం ఇయ్యండ్రి, నేను పట్టుకుంట. మీరు ముందట నడువుండ్రి. మెట్టు వస్తె మీ భుజమే నాకు చెప్తది" అన్నడు. మాది బెల్లంపల్లి. బొగ్గుబాయిల దిగిన బాపు బిడ్డను, నా నోరు సుత తక్కువది కాదు. "సాయం చేస్తె సుత తిడుతరా సారు?" అన్న. "సాయం చేస్తె తిట్ట. మోస్తె తిడుత" అన్నడు. గట్ల మొదలైంది మా దోస్తానా. కొట్లాడుడును దోస్తానా అంటరో లేదో నాకు తెల్వది.

మనిషి సన్నగ, పొడుగ్గ ఉండేటోడు. అంగి గుండీ మెడ దాక పెట్టుకునేటోడు, ఎండకాలంల సుత. కట్టె టకటక కొట్టుకుంట నడుస్తుంటె రోడ్డును తిడుతున్నట్టే ఉండేది. కోపమొస్తె మనం మొహం తిప్పుకుంటం గద, సారు చెవు తిప్పుతుండె. ఆయన కుడి చెవు మన దిక్కు మర్రిందంటె ఇగ మన పని అయిపోయినట్టే. సిరిసిల్లల మరమగ్గాల ఇంట్ల పుట్టిండు. పొద్దంత మగ్గాల సప్పుడు, గా లొల్లిల అవ్వ పిలిసిన పిలుపును ఏరుకొని ఇనుడు చిన్నప్పటి సంది అలవాటు. బడిల ఎక్కడో వెనుక బెంచీల ఎవ్వలన్న గుసగుస పెడితె పేరు వట్టి పిలుస్తుండె.

ఓసారి వేములవాడల మా టీచర్లకు ట్రైనింగ్ పెట్టిండ్రు. అయిపోయినంక బస్టాండుల కూసున్నం. సోమవారం, రాజన్న దర్శనానికి వచ్చిన జనం కిటకిట. సారు ఒళ్లె లాప్‌టాప్ పెట్టుకొని, ఒక చెవుల ఇయర్‌ఫోన్ పెట్టుకొని, క్వశ్చన్ పేపర్ కొడుతుండు. ఒకామె మొక్కు తీరిందని అరటిపండ్లు పంచుకుంట వచ్చింది. సారును చూసి ఆగింది, పండు కీబోర్డు మీద పెట్టింది, దండం పెట్టి పోయింది. సారు చెయ్యితోటి తడిమి, "ఇదేంది మేడం?" అన్నడు. చెప్పిన. లేసి నిలబడి, "ఓ పండు తల్లీ! ఇటు రా!" అని ఒక్క కేక వెట్టిండు. ఆమె గంప పట్టుకొని వాపస్ వచ్చింది.

"గీ పండు నాకెందుకిచ్చినవ్?"

"మొక్కు సారు. పంచుతున్న."

"మరి నా పక్కన కూసున్న మేడంకు ఎందుకియ్యలే?"

ఆమె నన్ను చూసింది, నేను ఆమెను చూసిన. గంపలకెల్లి ఒక పండు తీసి నాకిచ్చింది. గప్పుడు సారు కూసోని తన పండు ఒలుసుకున్నడు. "ఇది మొక్కు. ఇందాక ఇచ్చింది బిచ్చం" అని కమ్మగ తిన్నడు. నాకు సిగ్గయింది, నవ్వొచ్చింది. ఆమె మీద జాలి సుత అయింది. సారుకు మాత్రం ఏం కాలే, తొక్క యాడ పారెయ్యాలె అని అడిగిండు.

కండ్లు లేని సారు పేపర్లు ఎట్ల దిద్దుతడని చానా మంది అడుగుతరు. అడిగేది నన్నే, ఆయన్ను కాదు. చెప్త ఇనుండ్రి. స్లిప్ టెస్టు పెట్టినంక పేపర్లు పక్కోళ్లకు మార్పిస్తుండె. ఒక్కొక్కలు లేసి పక్కోని జవాబు పెద్దగ సదవాలె. సారు ఇంటడు. "ఆపు. గా ముక్క మల్ల సదువు" అంటడు. ఎందుకు రైటో, ఎందుకు తప్పో చెప్తడు, మార్కు పెద్దగ అంటడు. ఎవ్వనికన్న మనసున వట్టకపోతె లేసి కొట్లాడచ్చు, కొట్లాట నిజమైతె ఒక మార్కు ఎక్కువ వడుతది. అయినంక ఆ మార్కును లాప్‌టాప్‌ల కొడుతడు. లోపలి గొంతు గా పేరు, గా మార్కు మల్ల పలుకుతది. తెర మీద ఏముంటె అది సదివి చెప్పే గొంతు అది. తెలుగును పండ్లూడినోని లెక్క నములుకుంట పలుకుతదని సారు దాన్ని "ముసలోడు" అంటుండె. ముసలోడు పలికిండంటె మార్కు ఖాయం. ఒక్కని మార్కు తరగతంత ఇంటుండె, దాచిపెట్టుడు ముచ్చట లేదు.

ఒకనాడు పొద్దుగాల ముసలోడు లేవలే. కంప్యూటర్ దానంతట అదే అప్‌డేట్ అయిందట, మాట్లాడే సాఫ్ట్‌వేర్ దాంతోటి పడలేదట. ఫోన్ చేస్తె కొత్తది కొనుక్కోవాలె అన్నరట. సారు బల్ల మీద చెయ్యి గుద్దిండు. మార్కులన్ని అండ్లనే ఉన్నయి, ఆన్‌లైన్‌ల ఎక్కియ్యనీకె ఆఖరు తారీఖు వచ్చింది.

మా హెడ్‌మాస్టరు చెడ్డోడు కాదు. గదే తిప్పలు. చెడ్డోడైతె రెండు తిట్టి పడేద్దుము. ఎవ్వలను చూసినా "పాపం" అంటడు. "పాపం సారు, మీరెందుకు పరేషాన్ అయితరు? జర పాస్‌వర్డ్ చెప్పుండ్రి, మేమే ఎక్కిస్తం" అన్నడు. తారీఖు దాటుతదని సారు పాస్‌వర్డ్ చెప్పిండు. వీళ్లు ఏం జేసిండ్రు? అందరికి పన్నెండు ఏసిండ్రు. ఇరవైకి పన్నెండు, ఎనిమిదో తరగతి మొత్తానికి, ఒక్క తీరుగ.

వారమైనంక ఒక పిల్ల స్టాఫ్ రూముకు వచ్చింది. "సారూ, మీరు నాకు పందొమ్మిది అన్నరు గద. తరగతంత ఇన్నది గద. పన్నెండెందుకు ఏసిండ్రు?" అని ఏడ్సింది. దాని వెనుకనే ఇంకొకడు, నాలుగు వచ్చినోడు, "సారూ, నాకు సుత పన్నెండే!" అని ఎగురుకుంట వచ్చిండు. కుడి చెవు హెడ్‌మాస్టర్ రూము దిక్కు మర్రింది.

గా రూముల జరిగిన లొల్లి వరండా దాక ఇనొచ్చింది. హెడ్‌మాస్టరు, "అరే సారు, మంచిగనే చేసినం గద, ఎవ్వలు ఫెయిల్ కాలే" అంటుండు. "నేను అనని మాట నా పేరు మీద అన్నరు. గా పిల్ల ఇగ ఎవ్వల్ని నమ్ముతది? నా మార్కు నేనే ఎక్కిస్త. పాస్‌వర్డ్ మారుస్త, నా పానం ఉన్నన్ని రోజులు నా పాస్‌వర్డ్ ఎవ్వనికి చెప్ప" అని సారు బయటికి వచ్చిండు. హెడ్‌మాస్టరు వెనుకకెల్లి, "మల్లొచ్చే తారీఖు వరకు మీ కంప్యూటర్ బాగైతె సరే, లేకుంటె మేమే ఎయ్యాలె గద" అన్నడు. పాపం అని మెల్లగ అన్నడు.

ఇగ మొదలైంది మా షాపుల తిరుగుడు. పాతది బాగుజేపిచ్చుకోవచ్చు గద అంటె, దాని బరువు పొత్రం బరువు. సిరిసిల్ల నుంచి రోజు బస్సుల రావాలె, ఒక చేతుల కట్టె, భుజానికి గా పొత్రం. అంతకు ముందు నెలల్నే ఫుట్‌బోర్డు మీదికెల్లి గా బరువుకు వెనుకకు ఒరిగి పడ్డడు, భుజం జారింది. డాక్టరు బరువు మొయ్యద్దన్నడు. తేలికది గావాలె, అండ్ల విండోస్ బదులు లినక్స్ నడువాలె, ముసలోడు మాట్లాడాలె. గివి మూడే సారు షరతులు.

"లినక్సే ఎందుకు సారు? షాపోళ్లు ఏది ఎక్కిచ్చిస్తె అది వాడుకోరాదు?" అన్న.

"మా ఇంట్ల మగ్గం మీద పోగు తెగితె మేమే ముడేసుకుంటం మేడం, కంపెనీకి ఫోన్ చెయ్యం. ఇది సుత గంతే. అందరిది. ఎవ్వలన్న విప్పచ్చు, ఎవ్వలన్న బాగుజెయ్యచ్చు. నేను సరే అనంది అప్‌డేట్ కాదు. నా నోటికి తాళమేసి తాళంచెవి ఇంకొకడు జేబుల ఏసుకపోతె, నేను వాని వెనుక తిరగాల్నా?"

కష్టమేందంటె లినక్స్ అన్ని లాప్‌టాప్‌లల్ల సక్కగ నడువదు. ఒకదాంట్ల సౌండ్ రాదు, ఒకదాంట్ల వైఫై దొరకది. కొన్ని మూత పెట్టి తెరిస్తె మల్ల లేవయి. చేసి చూసుడే తప్ప ముందుగల్ల తెలిసే తొవ్వ లేదన్నడు. అందుకని సారు లినక్స్ ఎక్కిచ్చిన పెన్‌డ్రైవును దారానికి కట్టి, మెడల తాయెత్తు లెక్క ఏసుకొని తిరిగేటోడు. దాన్ని లాప్‌టాప్‌కు పెట్టి ఆన్ చేస్తె, లోపల ఉన్నది ఏం చెడిపోకుంట లినక్స్ లేస్తది.

మొదటి షాపు అద్దాల షాపు. సేల్స్‌మన్ నన్ను, "ఆయనకేం గావాలె మేడం?" అని అడిగిండు. కుడి చెవు మర్రింది. "ఆయన ఈడనే ఉన్నడు. అడిగేదేదో నన్నడుగు" అన్నడు సారు. గా పోరడు గాభర పడి, చెవిటోనితోటి మాట్లాడినట్టు, "సార్! మీకు! ఎట్లాంటిది! గావాలె!" అని మొత్తుకున్నడు. "చెవులు మంచిగనే ఉన్నయి బిడ్డా. లేంది కండ్లు" అన్నడు సారు. ఒక లాప్‌టాప్‌ను అరచేతుల పెట్టుకొని తూచిండు. మూత తెరిసి, మూసి, కీలు సప్పుడు ఇన్నడు. కీబోర్డు మీద వేళ్లు నడిపిచ్చిండు. నచ్చింది. మెడలకెల్లి పెన్‌డ్రైవు తీసిండో లేదో, "వద్దు సార్, వారంటీ పోతది, వైరస్ వస్తది" అని గుంజుకున్నరు. ఇంటికి తీస్కపోయి మూగదైతె వాపస్ తీసుకుంటరా అంటె, తీసుకోం అన్నరు. పెండ్లిచూపులు లేకుంట పెండ్లి చేసుకోమంటరు.

రెండో షాపుల సరే అన్నరు. అప్పడం లెక్క సన్నగున్న లాప్‌టాప్ తెచ్చి పెట్టిండ్రు. పెన్‌డ్రైవు పెట్టినం. తెర మీద రంగులొచ్చినయి, బొమ్మ మస్తుగ వచ్చింది. నేను సంబురంతోటి, "వచ్చింది సారు!" అన్న.

"ముసలోడు లేసిండా?"

లేవలే. సారు ఏవో బటన్లు ఒత్తిండు, వంగి చెవును కీబోర్డుకు ఆనిచ్చిండు. షాపుల పాటలు మోగుతున్నయి గానీ ఆయనకు గది అడ్డం కాదు. ఎంత సేపైనా సప్పుడు లేదు. "మూగది. లోపల పెట్టుండ్రి" అన్నడు. షాపాయన, "స్క్రీన్ మంచిగ వచ్చింది గద సార్, ఇంకేంది?" అన్నడు. "నీకొచ్చింది. నాకు రాలే" అన్నడు సారు.

మూడో షాపుల ముసలోడు టపీమని లేసిండు, గానీ అది బరువుల పాతదానికి పెద్దన్న. సారు భుజానికేసుకొని తలుపు దాక పోయి వచ్చిండు, బల్ల మీద పెట్టిండు. ఆ షాపు ఓనరు నా దిక్కు వంగి మెల్లగ, "పాపం, ఆయనకు ఫోన్ చాలు గద మేడం, లాప్‌టాప్‌తోటి ఏం జేస్తడు?" అన్నడు. ఇగ నాకు ఆగలే. వాని ఏడు తరాలను దింపిన. బడిల మార్కులు నువ్వొచ్చి ఎక్కిస్తవా అన్న, నీ కండ్లు నీకేం పనికొచ్చినయి అన్న. సారే నా చెయ్యి వట్టి బయటికి గుంజుకొచ్చిండు. "దొంగను వట్టినట్టు వట్టకుండ్రి, భుజం వట్టుండ్రి" అన్న. రోడ్డు మీదనే పడి పడి నవ్విండు. గంత నవ్వుడు నేను మల్ల చూడలే.

ఆఖరుకు టవర్ సర్కిల్ వెనుక గల్లీల, ఆఫీసులల్ల వాడి అమ్మేసిన లాప్‌టాప్‌లు పెట్టుకున్న ఒక భాయ్ దుకాణం దొరికింది. భాయ్ ఏదో అతుకు పెడుతుండు, తల సుత ఎత్తలే. "క్యా హోనా సాబ్?" అని, ఏం గావాల్నో సారునే అడిగిండు. సారు చెప్పిండు. "లగాలో. చలా తో లేలో, నై తో రఖ్ దో" అన్నడు, పెట్టి చూసుకో, నడిస్తె తీసుకో, లేకుంటె ఆడనే పెట్టు అని. మల్ల అతుకుల పడ్డడు. అంతే. వారంటీ ముచ్చట లేదు, వైరస్ ముచ్చట లేదు, పాపం లేదు. సారు స్టూలు మీద కూసోని ఒక్కొక్కదానికి పెన్‌డ్రైవు పెట్టుకుంట పోయిండు. మొదటి రెండు మూగయి. మూడోది నల్లగ, బోసిగ, మూల మీద గీతలు వడి ఉన్నది. ఒంటి చేత్తోటి లేపచ్చు. సారు మోకాళ్ల మీద పెట్టుకొని తల వంచి ఆగిండు.

"స్వాగతం" అన్నడు ముసలోడు, నములుకుంట.

సారు మొహం చూసిన గప్పుడు. తొలిసూరు బిడ్డ ఏడుపు ఇన్న తండ్రి గట్లనే ఉంటడు. ఇగ వదలలే. వైఫై చూసిండు. మూత పెట్టిండు, తెరిసిండు, మల్ల పెట్టిండు, మల్ల తెరిసిండు. తెరిసినప్పుడల్ల ముసలోడు లేస్తనే ఉన్నడు. భాయ్‌కి ఇరగ్గొడుతడేమో అని ఫికర్ పట్టి, "తోడ్ దోగే క్యా సాబ్?" అన్నడు.

గా తారీఖుకు సారు స్టాఫ్ రూముల ఫ్యాన్ కింద కూసోని, చెవుల ఇయర్‌ఫోన్ పెట్టుకొని, మూడు తరగతుల మార్కులు తనే ఎక్కిచ్చిండు. హెడ్‌మాస్టరు రెండుసార్లు వచ్చి వెనుక నిలబడి పోయిండు. తర్వాత సుత ప్రతిసారి గట్లనే. పందొమ్మిదికి పందొమ్మిది, నాలుగుకు నాలుగు.

పోయిన ఎండకాలం ముందట, పొద్దుగాల చాయ్ తాగుకుంట తాగుకుంట ఒరిగిపోయిండట. ఆస్పత్రి దాక సుత పోలే. ఎనిమిది, పది తరగతుల మార్కులు ఎక్కిచ్చిండు, తొమ్మిదో తరగతియి మిగిలినయి.

దినాల నాడు హెడ్‌మాస్టరు, నేను కలిసి సిరిసిల్ల పోయినం. ఇంట్ల మగ్గాలు బంద్ పెట్టిండ్రు. సారు తమ్ముడు లాప్‌టాప్ తెచ్చి మా ముందట పెట్టిండు. "చూసిండ్రా మేడం, కండ్లు లేవని షాపోడు మా అన్నను ఎంత మోసం జేసిండో! చార్జింగ్ ఎక్కుతది, లైటు ఎలుగుతది, తెర మాత్రం రాదు. పాడైంది అంటగట్టిండు" అని పండ్లు కొరికిండు. హెడ్‌మాస్టరు మూత తెరిసి నల్లటి తెరను చూసిండు. నిట్టూర్పు ఇడిసి, "నేను సుత మస్తు సార్లు చూసిన. ఎప్పుడు చూసినా తెర నల్లగనే ఉంటుండె. ఊకె ఒత్తుకుంట కూసుండేటోడు పాపం. ఏమన్న అంటె బాధ పడుతడని నేనే ఊకున్న" అన్నడు.

నా ఒళ్లంత భగ్గుమన్నది. ఇన్నేండ్లు గీ మనిషి అనుకున్నది గిదా! సారు పని చేస్తున్నట్టు నటిస్తుండని, తాను దయతోటి సూసీ సూడనట్టు ఉన్ననని! లేసి పోయి, తెర వెలుగు పెంచే బటన్ నాలుగుసార్లు ఒత్తిన. తెర తెల్లగ వచ్చింది. "ఆయనకు వెలుగెందుకు సార్? బ్యాటరీ సిరిసిల్ల దాక రావాలె అని పూర్తిగ తగ్గిచ్చి పెట్టుకున్నడు. మీకు కనవడకపోతె ఆయన పని చేస్తలేడనా?" అన్న. నా గొంతుకు లోపలున్న ఆడోళ్లు బయటికి వచ్చిండ్రు.

గప్పుడే లాప్‌టాప్, "పాస్‌వర్డ్" అన్నది.

మూలకు కూసున్న సారు అవ్వ ఉలిక్కి పడ్డది. "ముసలోడు ఉన్నడా బిడ్డా ఇంక? నా కొడుకు పోయిండని వానికి ఎవ్వలు చెప్పలేదా?" అన్నది.

హెడ్‌మాస్టరు గొంతు తగ్గిచ్చి, "మేడం, మీకు తెల్సే ఉంటది గద పాస్‌వర్డ్. తొమ్మిదో తరగతి మార్కులు సారు పేరు మీదనే ఎక్కిద్దం. లాప్‌టాప్‌ల మార్కులు లేకున్నా, అందరికి ఒక్క తీరుగ ఏసేద్దం. ఆయన ఆత్మ సుత శాంతిస్తది" అన్నడు.

"నాకు తెల్వది సార్. తెలిసినా చెప్ప" అన్న. లాప్‌టాప్ మూసి అవ్వ ఒళ్లె పెట్టిన. "ఆయన ఆత్మ ముచ్చట మీకెందుకు? ఆయన అనని మార్కు ఆయన పేరు మీద వడదు. తొమ్మిదో తరగతి నా పేరు మీదికి మార్చుండ్రి, నేను ఎక్కిస్త." వాపస్ వచ్చేటప్పుడు బస్సుల హెడ్‌మాస్టరు ముందు సీట్ల, నేను వెనుక సీట్ల కూసున్నం.

తెల్లారి తొమ్మిదో తరగతికి పోయిన. "సారు మీకు మార్కులు పెద్దగ చెప్పిండు గద. ఒక్కొక్కలు లేసి ఎవ్వలియి వాళ్లు చెప్పుండ్రి" అన్న. ఒకడు పదిహేడు అనంగనే నలుగురు లేసి, "కాదు మేడం, పదిహేనే!" అన్నరు. వాడు నెత్తి గోక్కొని, పదిహేనే అన్నడు. గట్ల బెంచీ తర్వాత బెంచీ రాసుకున్న. ఆఖరు బెంచీల ఒక పోరడు లేసి నిలబడ్డడు. వీని మార్కు సారు ఎన్నడు చెప్పిండో ఏమో, తరగతిల ఎవ్వలకు యాది లేదు. ఎంతన్న చెప్పుకోవచ్చు, ఆపేటోడు లేడు.

"ఆరు మేడం" అన్నడు. "పరీక్ష నాడు నేను రాలే. తర్వాత రాస్తె, మిగిలినోళ్లు పోయినంక నా ఒక్కనిదే సదివిచ్చుకున్నడు. ఎవ్వలు ఇనలే. ఆరే."

ఆరే ఎక్కిచ్చిన.